తుక్కు తీర్పు చెల్లదు

ఏలూరులో పాత సైకిలు బాగుచేయించుకుందామని నలుగురిని సలహా అడగండి. నలుగురూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అంటారు: "దానికి పెట్టే డబ్బుతో కొత్తదే వచ్చేస్తుంది కదండీ!" మీరడిగింది తొంభైల నాటి వెడల్పు టైర్ల ఎంటీబీ, అంటే మౌంటెన్ బైకు గురించైతే ఇంకో రెండు మాటలు ఉచితంగా కలుస్తాయి. "దానికి స్పేర్లెక్కడ దొరుకుతాయండీ?" అనేది ఒకటి. "కొండే లేని కొల్లేట్లో కొండలెక్కే సైకిలెందుకండీ?" అనేది రెండోది. చెప్పేవాడు లెక్క వేసి చెప్పడు, వినేవాడు లెక్క అడగడు. సైకిలు మాత్రం పాతసామాన్ల బండెక్కి తూకానికి పోతుంది.

తాడేపల్లిగూడెంలో అడిగినా, కైకలూరులో అడిగినా ఇదే జవాబు. ఇంతమంది అంటున్నారు గనక నిజమే అయ్యుంటుందని ఊరుకోవడం నావల్ల కాదు. ఈ మూడు మాటల్లో మొదటిది తప్పు లెక్క. రెండోది తలకిందులు చేసిన నిజం. మూడోది గట్టు మీద ఒక్కసారీ సైకిలు తొక్కనివాళ్లు అనే మాట. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

ముందు ఏ సైకిలు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. మన ఊళ్లలో చాలాకాలం సైకిలంటే నల్లటి పెద్ద సైకిలే. తర్వాత బీఎస్‌ఎ ఎస్‌ఎల్‌ఆర్ లాంటి తేలిక సైకిళ్లొచ్చాయి. తొంభైల్లో హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎంటీబీ వచ్చి కాలేజీ కుర్రాళ్లను పిచ్చెక్కించాయి. అడ్డంగా తిన్నని హ్యాండిలు, 26 అంగుళాల చక్రాలు, గుబ్బల టైర్లు, బలమైన ఉక్కు ఫ్రేము. వాటిలో చాలావాటికి గేర్లే లేవు. ఇప్పుడవి మేడమెట్ల కిందా, పశువుల పాకల్లోనూ, డాబాల మీద నీళ్ల ట్యాంకు పక్కనా పడున్నాయి. చైను బిగుసుకుపోయి, టైర్లు పగుళ్లు విచ్చి, సీటు చిరిగి చూడ్డానికి దీనంగా ఉంటాయి. ఆ దీనావతారం చూసే జనం తుక్కు అనేస్తారు. సైకిల్లో పైకి కనపడేవన్నీ మార్చుకునే వస్తువులే. మార్చలేనివి పైకి అంత కనపడవు.

ఇక ఖర్చు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే కాగితం ముక్క మీద జాబితా రాసిస్తాడు: రెండు టైర్లు, రెండు ట్యూబులు, చైను, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లు, వైర్లు, పెడళ్లు, సీటు, బీబీ ఇరుసు, కప్పులు, కోన్లు, బాల్సు, గ్రీజు, మజూరీ. అడుగున మొత్తం చూడగానే గుండె గుభేలుమంటుంది. పక్కన కొత్త సైకిలు ధర తలుచుకుంటాం. తీర్పు అక్కడే పడిపోతుంది.

అదే జాబితాను మధ్యకు గీత గీసి రెండు ముక్కలు చేయండి. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, వైర్లు అరిగిపోయే సరుకు. రోజూ తొక్కితే కొత్త సైకిలుకైనా కొన్నేళ్లకు ఇవన్నీ మార్చక తప్పదు. వీటిని పాత సైకిలు ఖాతాలో పూర్తిగా రాసి, కొత్తదాని ఖాతాలో సున్నా చుడితే కొత్తది చవగ్గా కనపడక ఏమవుతుంది? అరుగుదల సరుకు అటూ ఇటూ సమానంగా కొట్టేస్తే, పాతదనానికి నిజంగా మనం కట్టే మూల్యం బీబీ సెట్టు, కోన్లు, బాల్సు, ఫ్రీవీలు, ఒక ఓవరాయిలింగు మజూరీ. సైకిలు మొత్తంలో ఇవే చవకైన భాగాలు. ఖరీదైనవి ఫ్రేము, ఫోర్కు, చక్రాలు. అవి నిలిచి ఉన్నంతకాలం "కొత్తదే వచ్చేస్తుంది" అనే మాటకు ఆధారం లేదు.

కొత్త సైకిళ్ల మీద పన్ను తగ్గింది కదా అని ఈమధ్య ఒక వాదం బయల్దేరింది. నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. అదే రోజు సైకిలు విడిభాగాల మీద పన్ను కూడా 12 నుంచి 5కే దిగింది. ఈ రెండో ముక్క చెప్పకుండా మొదటిదే చెప్పి కొత్తది కొనమనడం సగం సాక్ష్యంతో కేసు గెలవాలని చూడడం.

అసలు ఈ ఖర్చు అంత పెద్ద మొత్తంగా ఎందుకు తయారవుతుందో కూడా చూడాలి. ఒక స్కేలు తీసుకుని చైను మీద పెట్టండి. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 లంకెలు లెక్కపెడితే కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలొస్తుంది. తొక్కేకొద్దీ పిన్నులు అరిగి చైను సాగుతుంది. 12 అంగుళాల మీద అర నూలు సాగిందంటే చైను ఒక్కటి మార్చితే సరిపోతుంది. ఊరుకుంటే సాగిన చైను ఫ్రీవీలు పళ్లను తన కొలతకు కొరుక్కుంటుంది. ఒక నూలు సాగేదాకా తొక్కితే కొత్త చైను వేసినా పాత పళ్ల మీద ఎగిరి జారుతుంది. అప్పుడు ఫ్రీవీలూ మార్చాలి, ఇంకా ఆలస్యమైతే ముందు చైన్‌వీలూ మార్చాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుని, ఆ గొడ్డలి ఖరీదు పాత సైకిలు నెత్తిన రుద్దుతున్నాం. ఆ ఖర్చు పాతదనానిది కాదు, పట్టించుకోకపోవడానిది. ఇదే అలవాటుతో కొన్న కొత్త సైకిలూ మూడేళ్లకు అదే జాబితా తెచ్చి చేతిలో పెడుతుంది.

"తుక్కుకిస్తే మాత్రం వృథా అవుతుందా? కరిగించి మళ్లీ ఇనుమే చేస్తారు కదా" అనేవాళ్లున్నారు. ఇనుము మిగులుతుంది, సైకిలు మిగలదు. గొట్టాలు కోసి, అతికి, మరలు తొలిచి, రంగు వేసిన పనంతా బూడిదవుతుంది. అదంతా మొదటినుంచీ మళ్లీ చేయాలి. అమెరికా కంపెనీ ట్రెక్ 2021లో తన లెక్క తానే బయటపెట్టింది: తన సైకిలు ఒక్కోటి తయారవడానికి సగటున 174 కిలోల కార్బన్ డయాక్సైడు గాల్లో కలుస్తోందని. పాత ఫ్రేమును నిలబెట్టుకుంటే అందులో పెద్ద భాగం మళ్లీ ఖర్చుపెట్టక్కర్లేదు.

ఇప్పుడు స్పేర్ల సంగతి. ఈ మాట అనేవాళ్లు నిజాన్ని తెచ్చి తలకిందులుగా నిలబెడతారు.

తొంభైల ఎంటీబీ రూపం కొత్తదే అయినా దాని ఎముకలు మాత్రం నల్ల సైకిలువే. పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ గొట్టంలోని మర 1.37 అంగుళాల వెడల్పు, అంగుళానికి 24 చుట్లు. ఇంగ్లండులో బీఎస్‌ఎ వాడిన పాత కొలత అది. వెనక ఫ్రీవీలు బిగిసేది కూడా ఇదే కొలత మరకు. బీబీలో ఒక్కో పక్క 11, వెనక హబ్బులో ఒక్కో పక్క 9, అన్నీ పావంగుళం బాల్సే. అందుకే లూధియానాలో చేసిన కప్పు అంబత్తూరులో చేసిన ఫ్రేములో బిగుస్తుంది. 1949లో మొదలైన టీఐ సైకిల్సు, 1951లో మొదలైన అట్లాస్, 1956లో మొదలైన హీరో తమలో తాము ఎంత పోటీపడినా ఈ కొలతల దగ్గరికొచ్చేసరికి ఒక్క దారిలోనే నడిచాయి. మన ఊళ్లో సైకిలు షాపంటూ ఒక్కటి మిగిలినా అందులో డబ్బాల నిండా ఉండేవి ఈ సరుకులే, ఎందుకంటే పాలవాళ్లూ కూరలవాళ్లూ తొక్కే సైకిళ్లకు కావలసినవీ ఇవే.

అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే పడింది. స్కూటరుకో టీవీకో ఈ గతి పడితే కొన్నవాడు గోడకు చేరగిలబడాల్సిందే. అట్లాస్ సైకిలున్నవాడికి మాత్రం మర్నాడు ఏ చిక్కూ రాలేదు. కప్పులు, కోన్లు, బాల్సు ఏ కంపెనీవైనా పడతాయి. కంపెనీ పోయాక కూడా బతికే వస్తువు అది. దీన్ని పట్టుకుని "స్పేర్లు దొరకవు" అనడం ఏ న్యాయం?

ఇప్పుడు కొత్తవాటి దగ్గరికి రండి. ఆన్‌లైన్లో బొమ్మ చూసి కొనే చవకరకం గేరు సైకిళ్లను చూడండి. ముందు స్ప్రింగు ఫోర్కు, మధ్యలో ఇంకో స్ప్రింగు, రెండు డిస్కు బ్రేకులు, మిలమిలలాడే స్టిక్కర్లు. పైన పటారం, లోన లొటారం. వెనక గేరు మార్చే డిరైలరు ఒక చిన్న అల్యూమినియం ముక్కకు వేలాడుతుంది, దాన్ని హ్యాంగరంటారు. సైకిలు కింద పడితే ఫ్రేము బదులు తాను వంగడం దాని పని. ఆ ముక్క మోడలుకో ఆకారంలో ఉంటుంది. ఒక మోడలుది ఇంకో మోడలుకు పట్టదు. మోడలు ఆగిపోయిందంటే అరచేతిలో పట్టేంత ముక్క కోసం సైకిలంతా మూలన పడుతుంది. స్ప్రింగు ఫోర్కు లోపలి బుష్షులు అరిగితే వేయడానికి విడిగా అమ్మరు, ఫోర్కే మార్చమంటారు. ఏ సైకిలుకు స్పేర్లు దొరకవో ఇప్పుడు చెప్పండి.

మన దేశంలో మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వాడే యంత్రాలు, వాహనాలు అని నాలుగు రంగాలను ఎంచుకున్నారు. సైకిలు ఆ లెక్కలోకి రాలేదు. పాత సైకిలుకైతే ఆ హక్కు పుట్టుకతోనే ఉంది. ఆ హక్కున్న సైకిలును తూకానికేసి, లేనిదాన్ని వాయిదాల మీద ఇంటికి తెచ్చుకుంటున్నాం.

దొరకదన్న మాటకు కారణం చాలాసార్లు సరుకు లేకపోవడం కాదు, కొలత తెలియకపోవడం. టైరే తీసుకోండి. ఒక షాపులో "26 టైరే కదండీ" అని నాకిచ్చింది ఇంటికొచ్చి చూస్తే రిమ్ము మీద వదులుగా జారిపోయింది. వెనక్కి తీసుకెళ్తే "మీ రిమ్మే తేడా అండీ, ఇలాంటివాటికి టైర్లు రావు" అన్నారు. రిమ్ములో తేడా ఏమీ లేదు. మన బజార్లో 26 అని పిలిచే టైర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఎస్‌ఎల్‌ఆర్ తరహా సైకిలుకు వేసేది 26 × 1⅜. ఎంటీబీకి వేసేది 26 × 2.125. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది: మొదటిదానికి 590, రెండోదానికి 559. టైరు రిమ్ము మీద కూర్చునే చోట మిల్లీమీటర్లలో వ్యాసం అది. 31 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఒకదాని మీద ఇంకోటి ఎలా కూర్చుంటుంది? భిన్నంలో రాసింది ఎస్‌ఎల్‌ఆర్‌ది, దశాంశంలో రాసింది ఎంటీబీది. ఇంత చిన్న గుర్తు తెలియక ఎన్ని సైకిళ్లకు టైర్లు రావని తీర్పులు చెప్పారో!

ఇందులో ఇంకో మెలిక ఉంది. దొరకవన్న మాటే దొరక్కుండా చేస్తుంది. జనం అడగడం మానేస్తే షాపువాడు సరుకు తెప్పించడు. సరుకు లేకపోతే మెకానిక్ ఆ పని మర్చిపోతాడు. మెకానిక్ దగ్గర పని లేకపోతే కుర్రాడు పని నేర్చుకోవడానికి రాడు, బైకు షెడ్డుకు పోతాడు. అప్పుడు "చూశారా, ముందే చెప్పాను" అంటారు. తానే నరికి, తానే చెట్టు లేదనడం ఇది. ఎదురు తిప్పాలంటే అడగడం ఒక్కటే మార్గం. గట్టిగా అడిగితే పక్క ఊరినుంచో, విజయవాడనుంచో వారంలో తెప్పించి పెట్టే షాపువాళ్లు మనకింకా ఉన్నారు.

ఇక కొండల మాట. కొల్లేటికి కొండల సైకిలెందుకని నవ్వేవాళ్లకు కొల్లేటి నేల గురించి ఏం తెలుసో అడగాలనిపిస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తే, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకెళ్తుంది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇంత జరిగినా ఈ ప్రాంతమంతా నేటికీ చెరువులూ, కాలవలూ, వాటి గట్లే. లంక గ్రామం దాటి తారురోడ్డు దిగితే మనిషి నడిచే దారి గట్టే. మేత బస్తా వెళ్లేది దాని మీదుగానే, రాత్రి కాపలావాడు తిరిగేదీ దాని మీదనే.

ఆ గట్టు నల్లమట్టి. వానాకాలం అది టైరుకు అంటుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. పది బారలు పోయేసరికి నల్ల సైకిలు చక్రం తిరగడం మానేస్తుంది. దిగి, పుల్లతో మట్టి గోక్కుంటూ నడిపించాలి. వేసవిలో అదే మట్టి నెర్రెలు విచ్చి, సన్న టైరును నెర్రెలో దింపుకుని మనిషిని పక్కకు పడేస్తుంది. వెడల్పు టైరు నెర్రెల మీదుగా దాటిపోతుంది. గాలి కాస్త తగ్గించి తొక్కితే గతుకులు నడుముదాకా రావు. ఫోర్కుకూ టైరుకూ మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి, మడ్‌గార్డు తీసేస్తే బురద ఇరుక్కోకుండా రాలిపోతుంది. కొండ ఎక్కడానికి చేసిన ఈ లక్షణాలన్నీ గట్టు మీద పనికొస్తాయి. చలికాలం తెల్లవారుజామున ఆటపాకలో గూడబాతులను చూడ్డానికి మోటారు చప్పుడుతో వెళ్లేవాడికంటే సైకిలు మీద వెళ్లేవాడికి నాలుగు పక్షులు ఎక్కువే కనపడతాయి. గుడివాకలంక వైపు గట్ల మీద తిరిగేవాడికి ఆన్‌లైన్ బొమ్మ సైకిలిస్తే ఆ డిస్కులూ స్ప్రింగులూ ఒక్క వానాకాలం బురదకే మొరాయిస్తాయి.

ఇక్కడ ఎదుటివాదానికి ఒక న్యాయం చేయాలి. కొల్లేటి తేమ ఇనుమును తింటుంది. వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎగదన్నే చోట మరీ తింటుంది. తుప్పు పట్టిన ప్రతి ఫ్రేమూ బాగుపడుతుందని నేను అనను. చచ్చిన ఫ్రేముకు డబ్బు పెట్టడం దండగే. కాకపోతే అది చచ్చిందో బతికుందో తేల్చడానికి కంటిచూపు చాలదు, పరీక్ష కావాలి. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు బారెడు దారం.

వెనక చక్రం తీసేయండి. ఇరుసు కూర్చునే ఎడమ గాడికి దారం కట్టండి. దాన్ని ముందుకు తెచ్చి, హ్యాండిలు కింద నిలువు గొట్టం చుట్టూ తిప్పి, వెనక కుడి గాడికి లాగి కట్టండి. ఇప్పుడు సీటు కింద గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా స్కేలుతో కొలవండి. రెండూ సమానమైతే ఫ్రేము నిటారుగా ఉంది. అర నూలు తేడాకు భయం లేదు. రెండు నూళ్లు తేడా వస్తే ఫ్రేము వంగింది. ఉక్కు ఫ్రేమైతే తెలిసిన చేతిలో దాన్ని నెమ్మదిగా తిరిగి సరిచేయవచ్చు, అల్యూమినియమైతే ఆ పనికి పూనుకోకూడదు. తర్వాత బీబీ గొట్టం విప్పి లోపల చూడాలి. సీటు గొట్టంలోంచి దిగిన వాననీరంతా చేరేది అక్కడికే. దాని చుట్టూ సుత్తితో మెల్లిగా తట్టితే ఖంగుమనాలి. మొద్దుగా మోగినా, మేకు మొన గుచ్చితే దిగినా ఆ ఫ్రేముకు దండం పెట్టేయండి. అతుకుల దగ్గర పగులుంటే ఫ్రేమునూ, ముందు ఫోర్కు వెనక్కి వంగుంటే ఫోర్కునూ వదులుకోవడానికి మొహమాటం వద్దు.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. బీబీ కుడి కప్పు మర ఎదురు, ఎడమ పెడలు మర కూడా ఎదురే. ఈ సంగతి తెలియనివాడు బలమంతా ఉపయోగించి బిగిస్తూనే పోతాడు, ఆఖరికి మర పాడుచేసి "పాతది కదండీ, జామైపోయింది" అంటాడు. జామైన చోట నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, సరైన వైపు తిప్పితే మర్నాడు లొంగేవే ఎక్కువ.

భద్రత గురించి ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. పాత క్రోము రిమ్ములు తడిస్తే బ్రేకు సరిగ్గా పట్టదు. వానలో తొక్కేవాడు రిమ్ములు మార్చుకోవడమే మంచిది. పాత హబ్బులో చిల్లులెన్నో లెక్కపెట్టి, అన్నే చిల్లులున్న 559 కొలత అల్యూమినియం రిమ్ము కొంటే, హబ్బు అదే ఉంచి కొత్త పుల్లలతో చక్రం అల్లించుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఖర్చు పెరుగుతుంది, దాచను. నేను పాటించే సూత్రం ఒక్కటే: ఫ్రేము, ఫోర్కు, హబ్బులు ఈ మూడింటిలో ఫ్రేముతో కలిపి రెండు బాగుంటే సైకిలు బాగుచేయించుకోవాలి, ఫ్రేమే పోయినా, మూడింటిలో రెండు పోయినా మిగిలింది ఇంకో సైకిలుకు స్పేరుగా విప్పుకోవాలి. రెండో సందర్భంలో కూడా తూకానికి వేసేది మిగిలిన ఎముకలనే.

ఈ వాదానికి రెండో గట్టున ఇంకో బృందం ఉంది. వాళ్లు పాతదాన్ని ప్రేమిస్తారు, మరీ ఎక్కువగా ప్రేమిస్తారు. ప్రతి భాగం ఆ ఏడాది ఆ కంపెనీదే ఉండాలని, స్టిక్కరు కూడా అప్పటిదే కావాలని, వేరే పెడలు వేస్తే అపచారమని అంటారు. వీళ్లకూ తుక్కువాళ్లకూ పైకి పడదుగానీ, ఫలితం ఒక్కటే. అసలు భాగం దొరికేదాకా వాళ్ల సైకిలూ కదలదు. కొల్లేట్లో వల అతుక్కునేవాడు ఏ పోగు పాతది, ఏ పోగు కొత్తది అని లెక్కపెట్టడు, చేప పడుతుందా లేదా చూస్తాడు. మ్యూజియంలో పెట్టేదానికి అసలు స్టిక్కరు వెతకండి, నాకభ్యంతరం లేదు. రోడ్డెక్కేదానికి సరిపడే భాగం ఏదైనా అసలు భాగమే.

మౌంటెన్ బైకు పుట్టుక తెలిస్తే ఈ రెండు బృందాలూ తల దించుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన మారిన్ కౌంటీలో డెబ్భైలలో కొంతమంది కుర్రాళ్లు ముప్పైల, నలభైల నాటి ష్విన్ సైకిళ్లను తుక్కు ధరకు కొన్నారు. బరువైనవి, వెడల్పు టైర్లవి, ఎవరూ వద్దన్నవి. వాటితో టమాల్‌పైస్ కొండ మట్టిదారుల్లో కిందికి దూకేవాళ్లు. 1976లో పందేలు మొదలయ్యాయి. దిగుడులో పాత హబ్బు బ్రేకు ఎంత వేడెక్కేదంటే, లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి దిగాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. గేరీ ఫిషర్ లాంటివాళ్లు పాత టాండెం సైకిళ్ల డ్రమ్ము బ్రేకులు, మోటారుసైకిలు బ్రేకు లీవర్లు, ఎక్కడెక్కడివో గేర్లు తెచ్చి వాటికి తగిలించారు. 1977లో జో బ్రీజ్ దీనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము చేశాడు. 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో అమ్మకం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో అది ఫ్యాక్టరీకెక్కింది. తుక్కు సైకిలుకు దొరికిన స్పేర్లు బిగించగా పుట్టిందే మౌంటెన్ బైకు. దాన్ని స్పేర్లతో బాగుచేయడం దండగనేవాడు దాని పుట్టుకనే దండగంటున్నాడు.

"ఇదంతా పాత జ్ఞాపకాల మోజు" అని కొట్టిపారేసేవాళ్లకు ఒక్కటే చెబుతాను. జ్ఞాపకాలతో నాకు పనిలేదు. కాలేజీ రోజులు గుర్తొస్తున్నాయని చచ్చిన ఫ్రేముకు డబ్బు పోసేవాడిని నేనూ వద్దనే అంటాను. నేను వేసిన లెక్కలో మోజు లేదు, చైను కొలతా మర కొలతా ఉన్నాయి.

ఇది ఒక్కరిద్దరి సరదా వ్యవహారం కూడా కాదు. బడికొస్తా పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. ఇచ్చినందుకు మెచ్చుకోవాల్సిందే. ఇలాంటి పథకం ఏది వచ్చినా సైకిలు ధరలో కొంత భాగం స్పేర్లకూ, బడి దగ్గర ఏడాదికోసారి మరమ్మతు శిబిరానికీ కేటాయిస్తే, ఒక పిల్ల తొక్కి వదిలిన సైకిలు చెల్లెలికి పనికొస్తుంది, చెల్లెలి తర్వాత ఇంకొకరికి పనికొస్తుంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అక్కడ మెకానికల్ చదివే కుర్రాళ్లు చైను అరుగుదల సూత్రం పుస్తకంలో చదువుతారు. వాళ్లకొక షెడ్డు ఇచ్చి, ఊరి మెకానిక్కుల్లో పెద్దవాణ్ణి కూలి ఇచ్చి పిలిపించి కూర్చోబెడితే, క్యాంపస్ స్టాండులో గాలి పోయి పడున్న సైకిళ్లు తిరగడం మొదలెడతాయి. ఏలూరు మెకానిక్‌కు ఇచ్చిన మజూరీ సాయంత్రానికి ఏలూరు బజార్లోనే ఖర్చవుతుంది. కొత్త సైకిలుకు కట్టిన సొమ్ములో ఊళ్లో మిగిలేది కమిషనే.

కాబట్టి రుజువు చేయాల్సిన బరువు ఇకమీదట అటువైపు వేద్దాం. పాత సైకిలు బాగుచేస్తానన్నవాడు సంజాయిషీ ఇచ్చుకునే రోజులు చాలు. దండగన్నవాడిని జాబితా రాసి, అరుగుదల సరుకు వేరుచేసి, అప్పుడు తేడా ఎంతో చూపించమనండి. స్పేర్లు దొరకవన్నవాడిని ఏ భాగం దొరకదో పేరూ కొలతా చెప్పమనండి. ఫ్రేము పోయిందన్నవాడి చేతిలో దారం పెట్టండి. మూడింటికీ సరైన జవాబు వస్తే మారుమాట్లాడకుండా తూకానికి వేసేయండి, నేనే వచ్చి సాయం పడతాను. రాకపోతే చైను విప్పి, కప్పులు ఊడదీసి, పని మొదలుపెట్టండి.